ఆఖరున ఎక్కించిన సామాను

బీరువా అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఒక్కోసారి బీరువాకే గుర్తుండదు. ఆస్పత్రిలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని బల్ల మీద కూర్చునే ఉంటాడు, పక్కనుంచి భార్య మోచేత్తో పొడిచేదాకా.

ఇళ్ళు మార్చే కంపెనీలో సామాను మోయడం అతని పని. ఆ పేరు వెనక గొప్ప కథ ఉంటుందని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. ఉంది కూడా. వయసులో ఉండగా ఒక స్టీలు బీరువాను వీపున కట్టుకుని, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా మూడో అంతస్తుకు ఒక్కడే ఎక్కించాడు. మెట్ల మీద జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. పైన దించి, చెమట తుడుచుకుని, "ఏ గదిలో పెట్టమంటారమ్మా?" అని అడిగితే, ఆ ఇంటావిడ "ఎవరిదయ్యా ఇది?" అంది. ఎక్కించాల్సింది పక్క బిల్డింగులో. మళ్ళీ కిందికి మోసుకొచ్చేటప్పుడు మాత్రం చూడ్డానికి ఒక్కడూ నిలబడలేదు. బలానికి వచ్చిన పేరు కాదది, తెలివికి వచ్చిన పేరు.

ఇప్పుడు నడుముకి వెడల్పాటి బెల్టు లేనిదే కుర్చీ కూడా ఎత్తలేడు. చదువా, అది ఆరో తరగతిలోనే దిగిపోయింది. అలాంటివాడు ఈ వయసులో జపాను వాళ్ళ వీడియో ఆటల్లో పడ్డాడంటే ఇంట్లో భార్యే నమ్మలేదు. ఇంకేదో వ్యవహారం ఉండి ఆట పేరు చెబుతున్నాడేమోనని కొన్నాళ్ళు జేబులు వెతికింది.

అదెలా మొదలైందంటే, గోడౌను వెనక ఒక గది ఉంది. ఇల్లు మారేవాళ్ళు చివరి నిమిషంలో వద్దనుకున్నవన్నీ అక్కడికి చేరతాయి. స్ప్రింగు పైకి పొడుచుకొచ్చిన సోఫా, చల్లబడని ఫ్రిజ్జు, కుడిపక్క పచ్చ గీత పడిన టీవీ. ఫ్రిజ్జులో బూట్లు పెట్టుకుంటారు. ఒకసారి ఒకాయన హడావిడిలో ఒక అట్టపెట్టె వాళ్ళ చేతిలో పెట్టి, "చెత్తలో పడేయండి" అన్నాడు. ఊరికే వచ్చినదాన్ని చెత్తలో వేసే అలవాటు ఆ గదికి లేదు. విప్పి చూస్తే ఆట మిషను, దాంతోపాటు నాలుగైదు డిస్కులు.

భోజనాల వేళ ఆ సోఫా మీద ముగ్గురు చేరేవారు. బీరువా ఒకడు. రెండోవాడు లారీ నడిపే డ్రైవరు బాబాయి, బీరువాకన్నా పదేళ్ళు పెద్ద. మూడోది ప్యాకింగ్ అక్క. గాజు సామాను కాగితాల్లో చుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పది దాకా చదివింది కాబట్టి తెర మీద వచ్చే ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదివి తెలుగులో చెప్పేది. చెప్పడం అంటే మామూలుగా కాదు, ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు. ఆటలో విలను చీకటి రాజు మాట్లాడితే అచ్చం వాళ్ళ సూపర్‌వైజరు మాట్లాడినట్టే ఉండేది.

"రాజు ఏమంటున్నాడక్కా?"

"లోకాన్ని చీకట్లో ముంచడం నా చేతుల్లో లేదు, పైనుంచి ఆర్డరొచ్చింది అంటున్నాడు."

"నిజంగా అలాగే ఉందా?"

"ఇంచుమించు అంతే తమ్ముడూ. రాజులందరూ ఒకటే."

ఆ ఆటలన్నీ ఒకే తీరు. ఎవడో కుర్రాడు ఊరు వదిలి బయల్దేరతాడు. దారిలో ఒక్కొక్కరూ జత కలుస్తారు. దయ్యాల్ని కొట్టి, బలం పెంచుకుని, కత్తులూ కవచాలూ సంపాదించి, చివరికి లోకాన్ని కాపాడతారు. నెలల తరబడి సాగుతుంది. అన్ని నెలలు ఆడించి, ముగింపు దగ్గరకొచ్చేసరికి గెలిచామో ఓడామో అర్థంకాకుండా చేస్తారు. లోకం బాగుపడుతుంది, మనకి కావలసినవాళ్ళు మాత్రం ఉండరు. ఒకదాంట్లో లోకాన్ని కాపాడినవాణ్ణి లోకమంతా మర్చిపోతుంది. ఇంకోదాంట్లో స్నేహితులందరూ తలో దారీ పట్టిపోతే, చివర్లో వాళ్ళు రోజూ కూర్చున్న బల్ల ఒక్కటే చూపిస్తారు. ఆ ముగింపుల మీద ఆ గదిలో జరిగినన్ని గొడవలు జీతాల మీద కూడా జరగలేదు.

"ఇదేం ముగింపు బాబాయ్!" అనేవాడు బీరువా. "లోకం మొత్తం మోశాడు. వాడెవడో ఎవరికీ గుర్తులేదంట. మనం ఒక సోఫా మోస్తే గ్లాసుడు మంచినీళ్ళన్నా ఇస్తారు."

"అందరూ ఇస్తున్నారా?" అనేది అక్క.

"ఇవ్వకపోయినా, ఎవరు మీరు అని అడగరుగా."

"నిన్నడిగారుగా, మూడో అంతస్తులో."

బాబాయి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అక్క వాదన వేరు. ఏడిపిస్తే ఏడిపించు, కానీ కారణం ఉండాలి. ఒక ఆటలో చివర్లో కుక్క చచ్చిపోతుంది. ఆ విషయం మీద ఆమె వారం రోజులు కోపంగా ఉంది. "ఆ కుక్కకీ లోకానికీ ఏం సంబంధం? మన కంట్లో నీళ్ళు రావట్లేదని దాన్ని చంపాడు. గ్లాసు పగలకపోతే ప్యాకింగ్ గొప్పతనం తెలీదని కావాలని ఒకటి పగలగొడతామా?"

బాబాయి మాత్రం చేదు ముగింపుల పక్షం. ఎందుకో చెప్పడానికి ఒకరోజు లారీని తెచ్చి మధ్యలో పెట్టాడు.

"ఒరేయ్ బీరువా, లారీ ఎలా ఎక్కిస్తాం?"

"అక్కడ ముందు కావలసింది చివర్న ఎక్కిస్తాం."

"ఎందుకు?"

"ఆఖరున ఎక్కించిందే ముందు దిగుతుంది కాబట్టి. ఇదేంటి బాబాయ్, నాకు పని నేర్పుతున్నావా?"

"కథా అంతేరా. నువ్వు ఇంటికెళ్ళి తలుపు తీయగానే ముందు దిగేది ముగింపే. అందరూ సుఖంగా ఉన్నారని చెప్పాడనుకో, అది పరుపు. దించి, పరుచుకుని, పడుకుంటావ్. తెల్లారేసరికి మర్చిపోతావ్. అదే ఎక్కడ పెట్టాలో తెలీని వస్తువు దించాడనుకో, దాన్ని చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతావ్. ఎన్నాళ్ళు తిరిగితే అన్నాళ్ళు నీతోనే ఉంటుంది."

"నాకు పరుపే కావాలి బాబాయ్. నా నడుము సంగతి నీకు తెలీదు."

అట్టపెట్టెలో చివరిగా మిగిలింది లాంతరు ఆట. పెట్టె మీద అసలు పేరు జపాను అక్షరాల్లో ఉంది, అది అక్కకి కూడా అందలేదు. ఎప్పటికీ తెల్లారని ఒక దేశం. కత్తివీరుడూ అతని జట్టూ కొండ మీదికి పగటిని వెతుక్కుంటూ వెళతారు. ముందు లాంతరు పట్టుకుని ఒక చిన్నపిల్ల నడుస్తుంది. ఆ పిల్ల ఎవరో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. బీరువాకి ఆ పిల్ల మీద ప్రాణం. మంచి కవచం దొరికితే ఆ పిల్లకే, ఉంగరం దొరికితే ఆ పిల్లకే. మొదటిసారి బూట్లు తొడిగినప్పుడు పిల్ల నడక మెత్తటి అడుగుల నుంచి టకటకమని మారింది. "కాళ్ళు చల్లబడకుండా తొడిగావ్, మంచిపని చేశావ్" అన్నాడు బాబాయి. కత్తివీరుడు మాత్రం ఊళ్ళోంచి బయల్దేరినప్పటి తోలుచొక్కాతోనే తిరుగుతున్నాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది బీరువాకి. దెబ్బలు మాన్పే ఎర్ర సీసాలు దొరికితే ఒక్కటీ తాగనివ్వడు. "ముందు ముందు పెద్ద యుద్ధం ఉంటుంది, అప్పుడు పనికొస్తాయి" అని దాస్తాడు. జట్టంతా ఒళ్ళు హూనమై పాకుతున్నా సంచిలో సీసాలు గలగలలాడుతూనే ఉంటాయి.

ఈ సంగతి విని భార్య ఆశ్చర్యపోలేదు. "పెళ్ళైన కొత్తలో కొన్న దుప్పటి కూడా ఇలాగే దాచారు. ఎవరైనా వస్తే వేద్దామన్నారు. ఎలుక వచ్చింది. వేసుకుంది."

ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకునే కార్డు ఒకటి ఉంటుంది, బొటనవేలంత. దాన్ని గదిలో వదిలితే ఎవరైనా చెడగొడతారని బీరువా రోజూ సాయంత్రం మిషనులోంచి తీసి, గాజు సామానుకి చుట్టే బుడగల కవరు ముక్కలో చుట్టి, చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఒకసారి భార్య చొక్కాతోపాటు దాన్ని బకెట్లో ముంచబోయింది. బీరువా వేసిన కేకకి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె "మీ ఆవిణ్ణి నీళ్ళలో తోసినా అంత కేక వెయ్యరు" అంటూనే ఉంది.

ఇలా ఉండగా బాబాయి కళ్ళు పాడయ్యాయి.

కంట్లో ఏదో ఒత్తిడి పెరిగిందన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని ఎంతకాలం నిలబెడతామో చూడాలి అన్నాడు డాక్టరు. ముందు పక్కచూపు పోయింది, గొట్టంలోంచి చూస్తున్నట్టు. తర్వాత ఆ గొట్టంలో కూడా పొగ కమ్మింది. లైసెన్సు పోయింది. కంపెనీవాళ్ళు నెలాఖరు దాకా గేటు దగ్గర కూర్చోబెట్టారు. బాబాయికి భార్య లేదు, పిల్లలు లేరు. నెలాఖరున సామాను సర్దుకుని వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోవాలని నిర్ణయమైంది.

"ఒక్కటే కోరిక రా," అన్నాడు బాబాయి, టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని. "ఆ దేశం తెల్లారడం చూసి పోతాను. తెరంతా తెలుపైతే నాకింకా తెలుస్తోంది. ఎన్నాళ్ళు తెలుస్తుందో చెప్పలేను. తొందరగా కానివ్వు."

అప్పటికి జట్టు చివరి తలుపు ముందు నిలబడి ఉంది. తలుపు తీస్తే చీకటి రాజు. వాణ్ణి కొడితే అయిపోతుంది.

బీరువా తలుపు తీయలేదు.

"ఇంకా బలం చాలదు బాబాయ్," అనేవాడు. వెనక్కి తిప్పి అడవిలోకి తీసుకెళ్ళి కప్పల్ని కొట్టించేవాడు. ఆ కప్పలు ఆట మొదట్లో వచ్చినవి. ఇప్పుడు వీళ్ళని చూస్తేనే పారిపోతున్నాయి. ఆరునెలలు సాముచేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టుందని అక్క అంటే, "జాగ్రత్త మంచిదక్కా" అనేవాడు. మర్నాడు ఉంగరం మర్చిపోయామని పాత ఊరికి వెళ్ళాడు. ఆ మర్నాడు నడుము నొప్పని ఆడనేలేదు. వంటకి వంకాయ లేదని పెళ్ళి వాయిదా వేసినవాడిలా రోజుకో వంక వెతికాడు. గేటు దగ్గర పని చూసుకుని తడుముకుంటూ వచ్చిన బాబాయి కాసేపు కప్పల అరుపులు విని వెళ్ళిపోయాడు.

అక్క ఊరుకోలేదు. ఒకరోజు పింగాణీ పళ్ళాలు చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎందుకు తమ్ముడూ సాగదీస్తున్నావ్?"

"బలం..."

"ఆ మాట కప్పలకి చెప్పు. ఆట అయిపోతే బాబాయి వెళ్ళిపోతాడని కదా? అవ్వకపోయినా వెళతాడు. ఆయన సామానుకి లారీ కూడా రాసేశారు. నువ్వు ఆపగలిగేది బాబాయిని కాదు, తెల్లారడాన్ని. అది కాస్తా చూడకుండా పంపిస్తావా?"

బీరువా చేతిలో ఉన్న తాడుకి ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. ఇంత వయసొచ్చి కప్పల వెనక దాక్కున్నానే అనుకుంటే అతనికే నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బాబాయి వెళ్ళే ముందు చివరి శనివారం ఒక పార్టీ ఇల్లు మారడం మానుకుంది. మధ్యాహ్నమంతా ఖాళీ. ముగ్గురూ గదిలో చేరారు. బీరువా జేబులోంచి కార్డు తీసి బుడగల కవరు విప్పి మిషనులో పెట్టాడు. తలుపు తీశాడు.

లోపలికి వెళ్ళబోతుండగా లాంతరు పిల్ల ఆగింది. అక్క చదివింది. "నేను మీతో రాను. లాంతరు తీసుకుని కొండ చివరికి పోవాలి. ఇక్కణ్ణుంచి మీరే వెళ్ళండి అంటోంది."

పిల్ల టకటకమంటూ వెళ్ళిపోయింది. బీరువాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా! ఆ కవచం! కవచం తీసి ఇచ్చి వెళ్ళమనక్కా!"

"ఎవరితో చెప్పమంటావ్?"

"కత్తి కూడా తన దగ్గరే ఉంది! ఉంగరాలు! అన్నీ!"

"ఇన్నాళ్ళూ పెళ్ళికూతురికి పెట్టినట్టు పెట్టావ్," అంది అక్క, "అత్తారింటికి వెళ్ళేటప్పుడు ఎవరన్నా విప్పి ఇస్తారా?"

బాబాయికి నవ్వు ఆగక దగ్గొచ్చింది. "బీరువాగాడు మళ్ళీ పక్క బిల్డింగుకే మోశాడే!"

చీకటి రాజు ముందు కత్తివీరుడు తోలుచొక్కాతో, ఉల్లిపాయ తరిగే కత్తిలాంటిదొకటి పట్టుకుని నిలబడ్డాడు. మొదటి దెబ్బకే సగం ప్రాణం పోయింది. ఇక చేసేదేం లేదు. బీరువా సంచి విప్పాడు. ఎర్ర సీసా ఒకటి. ఇంకొకటి. మొదట్లో ఒక్కో సీసాకీ మనసు పీకింది, పోనుపోను ఊపొచ్చింది. వాడు కొట్టడం, వీళ్ళు తాగడం. అంతకన్నా సారాకొట్టు దగ్గర ఎక్కువ యుద్ధం జరుగుతుంది.

"దాచి దాచి దయ్యాల పాలు చేశాడంటారు," అంది అక్క, "ఆ సామెతను అక్షరాలా నిజం చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

సీసాలు దాదాపు అయిపోయాయి. రాజు తూలుతున్నాడు. ఇంకొక్క దెబ్బ. బీరువా బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కడం లేదు.

"ఇటివ్వు," అన్నాడు బాబాయి.

బీరువా మీటలున్న రిమోటు అతని చేతిలో పెట్టాడు. దెబ్బ కొట్టే సమయానికి ఆటలో చిన్న గంట మోగుతుంది. బాబాయి కళ్ళు మూసుకుని గంట కోసం ఆగి, మోగగానే నొక్కాడు. రాజు కూలిపోయాడు. "పైకి రిపోర్టు చేస్తా అంటున్నాడు," అంది అక్క.

తర్వాత తెర మెల్లగా తేటపడింది. నలుపు నీలమైంది, నీలం బూడిద రంగైంది, చివరికి గదిలో ఉన్న ఫ్రిజ్జు తలుపు కూడా మెరిసేంత తెలుపొచ్చింది. బాబాయి మొహం మీద ఆ వెలుగు పడింది.

"తెల్లారిందిరా," అన్నాడు. "తెలుస్తోంది. తెల్లగా ఉంది." తెరకి ఇంకా దగ్గరగా వంగి అడిగాడు. "పిల్ల ఉందా?"

తెర మీద కొండ చివర లాంతరు ఒక్కటే ఉంది, రాతి మీద. పక్కన బూట్లు ఉన్నాయి. పిల్ల లేదు. కత్తివీరుడు ఆ బూట్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అక్క చదవడానికి నోరు తెరిచింది. బీరువా ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉంది బాబాయ్," అన్నాడు. "ఇదిగో, కొండ మీదే ఉంది. నవ్వుతోంది."

"అలాగా!"

"చెయ్యి ఊపుతోంది. ఊరంతా వచ్చారు బాబాయ్. పూలు చల్లుతున్నారు." అంతటితో ఆపి ఉంటే సరిపోయేదేమో. కానీ బీరువా ఏదైనా ఒకసారి వీపుకెత్తుకుంటే ఎక్కడ దించాలో తెలిసినవాడు కాదు. "కత్తివీరుడికి కూడా మంచి సంబంధం కుదిరినట్టుంది. భోజనాలు పెడుతున్నారు. పెళ్ళి జరుగుతోంది బాబాయ్."

బాబాయి తల ఒక పక్కకి వంచి విన్నాడు. టీవీలోంచి ఒక్క వేణువు వినిపిస్తోంది. ఎవరూ లేని వీధిలో ఎవరో నడిచి వెళుతున్నట్టుంది ఆ పాట.

"పెళ్ళిలో ఈ వాయిద్యం పెట్టించారంటే ఆ పెళ్ళివాళ్ళకి బుద్ధి లేదురా," అన్నాడు.

బీరువా అక్క చెయ్యి వదిలేశాడు.

"నాకు పోతున్నది కళ్ళు. చెవులు కాదు. నా ఇంట్లో పరుపు దించకు. ఆఖరున ఏది ఎక్కించారో అదే దించు. చూసుకుంటాను." తర్వాత, "అక్కా, నువ్వు చెప్పు," అన్నాడు.

అక్క గొంతు సవరించుకుంది. ఈసారి ఎవరి గొంతూ పెట్టలేదు. "పిల్ల లేదు బాబాయ్. లాంతరు ఉంది. బూట్లు ఉన్నాయి. పిల్ల చెప్పి వెళ్ళిన మాట కింద రాస్తున్నారు. పగటి వెలుతుర్లో లాంతరు వెలుగుతోందో ఆరిపోయిందో ఎవరూ చెప్పలేరు. వెలుగుతోందనే అనుకోండి... అంతే. అయిపోయింది."

ఆట చేసినవాళ్ళ పేర్లు జపాను అక్షరాల్లో పైకి పోతుంటే ముగ్గురూ చాలాసేపు కూర్చున్నారు. ఆ పేర్లు చదవడం ఎవరికీ రాదు.

చివరికి బాబాయి, "బాగా ఎక్కించాడు," అన్నాడు. లారీ లోడు చూసి అతను అంతకుమించి పొగిడిన రోజు లేదు.

"కారణం ఉంది," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "ఈసారి ఒప్పుకుంటున్నా."

బీరువా బయటికెళ్ళి మొహం కడుక్కున్నాడు. ఒక వీడియో ఆట కోసం ఏడ్చానంటే భార్య ఏమంటుందో తలచుకుని, వీధి కుళాయి దగ్గర మళ్ళీ కడుక్కున్నాడు.

తిరిగొచ్చేసరికి తెర మీద కొత్తగా ఏదో వచ్చింది. ఆట పూర్తిచేసినవాళ్ళకి అందులోని పాటలన్నీ తెరిచిపెడతారట, ఏది కావాలంటే అది వినొచ్చట. బాబాయి వేణువు పాట మళ్ళీ పెట్టించుకున్నాడు.

"ఇది బాగుందిరా. దీనికి కళ్ళతో పనిలేదు."

అప్పుడే బీరువా మనసులో నిర్ణయించుకున్నాడు. మిషను బాబాయితోనే వెళ్ళాలి.

బాబాయి ఇల్లు సర్దే రోజు అతని పద్ధతే వేరుగా ఉంది. జీవితమంతా పార్టీల అరుపులు విన్న మనిషి, తనే పార్టీ అయ్యేసరికి వాళ్ళందరినీ మించిపోయాడు. "జాగ్రత్తరా! అది పగులుతుంది!" అన్నాడు ఇనప బకెట్‌ను చూసి. అక్క ఆయనకున్న రెండు గ్లాసుల్నీ పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టింది. మంచం, ట్రంకుపెట్టె, స్టవ్వు ఎక్కాయి. అన్నిటికన్నా చివర్న, తలుపు అంచున, బీరువా ఆట మిషను పెట్టెను తన చేత్తో పెట్టి తాడు కట్టాడు. "ముందు దిగేది ఇదే బాబాయ్" అన్నాడు. కొత్త డ్రైవరు పక్కన, ఎప్పుడూ కూర్చోని వైపున కూర్చుని బాబాయి కిటికీ కోసం తడిమి, చెయ్యి బయటపెట్టి ఊపాడు. బీరువా ఉన్నది లారీకి అటుపక్క. అయినా తనూ చెయ్యి ఊపాడు.

దూరం ప్రయాణం. సామాను దించడానికి అక్కడ వేరే మనుషులున్నారు. బీరువాకి వెళ్ళే పనిలేదు.

రెండోరోజు సాయంత్రం ఫోనొచ్చింది.

"ఒరేయ్ బీరువా, మేనకోడలు అన్నీ తగిలించింది. టీవీ వస్తోంది, ఆట వస్తోంది. పాటలు లేవు. కొత్తగా మొదలుపెట్టమంటారా అని అడుగుతోందంట. ఏం చేశావ్?"

బీరువా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. లోపల బుడగ ఒకటి టప్పుమంది.

"బాబాయ్," అన్నాడు, "బీరువాను ఎక్కించాను. తాళం నా దగ్గరే ఉండిపోయింది."

అవతల నవ్వు ఎంతసేపు వినిపించిందంటే, భార్య కూడా వచ్చి నిలబడింది. ఫోను పెట్టేశాక అడిగింది.

"కావాలనే ఉంచుకున్నారు కదూ?"

"లేదే! అలవాటు కొద్దీ..."

"మరి ఎందుకు నవ్వుతున్నారు?"

బీరువా కార్డు ఉన్న జేబు గుండీ పెట్టుకున్నాడు. కొరియర్లో పంపించమంది అక్క. సామాను మోసేవాళ్ళు సామాను ఎలా విసురుతారో మనకి తెలీదా, నేనే పట్టుకెళతానన్నాడు బీరువా. ఎప్పుడో పెద్ద అవసరమొస్తుందని ఏళ్ళుగా వాడకుండా దాచిన సెలవులు ఉన్నాయి, ఎర్ర సీసాల్లాగే. అడిగితే సూపర్‌వైజరు, "నా చేతుల్లో లేదయ్యా, పైన అడగాలి," అన్నాడు. అక్క పక్కకి తిరిగి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

బస్సు దిగి, ఒక స్టాపు ముందే దిగానని తెలుసుకుని, మిగతా దూరం నడిచాడు. గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయి తల ఎత్తాడు. "బెల్టు కిర్రుమంటోంది, బీరువాగాడే," అన్నాడు చెల్లెలితో. తర్వాత అతనివైపు తిరిగి, "తెచ్చావా?"

"తెచ్చా బాబాయ్."

పాటలు విన్నారు. వేణువు పాట రెండుసార్లు విన్నారు. చెల్లెలు టీ ఇచ్చింది. తర్వాత బాబాయి అన్నాడు, "సరే, ఎలాగూ వచ్చావ్. కొత్త ఆట మొదలుపెట్టు. మా మేనకోడలు చదువుతుంది. ఈసారన్నా బుద్ధి తెచ్చుకో. దొరికినవి కత్తివీరుడికి తొడుగు. ఆ పిల్ల వెళ్ళిపోయే పిల్ల. తెలుసుగా."

"తెలుసు బాబాయ్."

చీకట్లో లాంతరు పిల్ల మెత్తటి అడుగులతో ముందు నడుస్తోంది. మొదటి గుహలో, ఎప్పటిలాగే, బూట్లు దొరికాయి. మేనకోడలు చదివి చెప్పింది. ఎవరికి తొడగాలని ఆట అడిగింది. బీరువా కాసేపు చూశాడు. నొక్కాడు.

"ఎవరికి తొడిగావ్?" అన్నాడు బాబాయి.

"కత్తివీరుడికే బాబాయ్."

టీవీలోంచి టకటకమని చిన్నచిన్న అడుగులు వినిపించాయి.

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదురా," అన్నాడు బాబాయి. "నడిపించు."